డేటా సైన్స్ హోంవర్కుకి పీర్ రివ్యూ: అందరికీ పదికి పది పడిపోతున్నాయి, ఏం మార్చాలి?

ల్యాబ్‌రికార్డు అడిగిన ప్రశ్న:

బీటెక్ మూడో ఏడాది, సీఎస్‌ఈ డేటా సైన్స్ సెక్షన్, 64 మంది. సెమిస్టర్‌కి ఆరు హోంవర్కులు, అన్నీ జూపిటర్ నోట్‌బుక్‌లే (కోడ్, దాని ఫలితం, వివరణ "సెల్" అనే ముక్కలుగా ఒకే ఫైల్లో ఉండేవి). దిద్దడానికి నేనూ, ఒక ఎంటెక్ టీఏ (టీచింగ్ అసిస్టెంట్). ఇంటర్నల్స్‌లో అసైన్‌మెంట్ల వాటా 10 మార్కులు. మూడుల్‌లో (Moodle, కాలేజీ కోర్సులు నడిపే సాఫ్ట్‌వేర్) ఒకరి పని ఒకరు చూసే వర్క్‌షాప్ యాక్టివిటీ పెట్టి, ఒక్కొక్కరికీ ముగ్గురి నోట్‌బుక్‌లు ఇచ్చి, పదికి మార్కులు వేసి నాలుగు ముక్కలు రాయమంటున్నాం.

వస్తున్నది ఇదీ: దాదాపు అందరికీ 9, 10. వ్యాఖ్యల్లో "గుడ్ వర్క్", "నీట్‌గా ఉంది", "గ్రాఫులు బాగున్నాయి". అసలు నడవని నోట్‌బుక్‌కి కూడా 9 పడింది. ఎవరిది ఎవరు చూస్తున్నారో హాస్టల్లో ముందే తెలిసిపోతోంది. ఒకే నోట్‌బుక్ వేరియబుల్ పేర్లు మారి నాలుగు చోట్ల కనిపిస్తోంది.

రాబోయే హోంవర్కు టైటానిక్ డేటా (ఓడ ప్రయాణికుల్లో ఎవరు బతికారో ఉన్న పట్టిక) మీద: శుభ్రం చేయడం, ఎవరు బతికారో ఊహించే ఒక క్లాసిఫయర్ కట్టడం, ఫలితం వివరించడం. రివ్యూ ఫారంలో ఏం అడగాలి, పేర్లు ఎలా దాచాలి, పిల్లలు వేసే మార్కుల్ని లెక్కలోకి తీసుకోవచ్చా, ఈ మూడూ తేల్చుకోవాలి. "రూబ్రిక్ (మార్కుల కొలమానం) స్పష్టంగా ఉండాలి" లాంటి సలహాలు చాలానే చదివాను. ఫారంలో పెట్టే ప్రశ్నలే చెప్పండి.

శేషంసున్నా:

"పదికి ఎంత?" అని అడిగితే పదే వేస్తారు. పక్క బెంచీవాడి మార్కులు కోసి వాడితో ముఖం మాడ్చుకోవడం ఎవరికి కావాలి? అభిప్రాయం అడగడం మానేసి పని చెప్పండి. నోట్‌బుక్ తెరిచి నడిపితే తప్ప జవాబు రాయలేని ప్రశ్నలే ఫారంలో ఉండాలి. టైటానిక్‌కి నేనైతే ఇవి పెడతాను.

మొదటిది, కెర్నల్ (కోడ్‌ని నడిపే ప్రోగ్రాం) రీస్టార్ట్ చేసి సెల్స్ అన్నీ పైనుంచి కిందికి నడపడం. చివరిదాకా వెళ్లి, సేవ్ అయి ఉన్న అంకెలే మళ్లీ వస్తే 2. ఫైలు పాత్ మార్చాకో, ఏదైనా లైబ్రరీ ఇన్‌స్టాల్ చేశాకో నడిస్తే 1. ఆగిపోతే 0, ఏ సెల్‌లో ఆగిందో, ఎర్రర్ ఆఖరి లైను ఏమిటో అతికించాలి. సెల్ పక్కన బ్రాకెట్లలో ఉండే నంబర్లు 1, 2, 3 అని కాకుండా 14, 9, 31 అని గెంతుతుంటే రాసినవాళ్లు పైకీ కిందికీ తిరుగుతూ నడిపారన్నమాట. తర్వాత తీసేసిన సెల్‌లోని వేరియబుల్ వాళ్ల మెమరీలో ఉండిపోతుంది కాబట్టి వాళ్ల దగ్గర నడుస్తుంది. ఇంకొకరి దగ్గర నేమ్ ఎర్రర్ కొడుతుంది.

రెండోది వరసల లెక్క. కాగుల్ (డేటా పోటీల వెబ్‌సైటు) ఇచ్చే ట్రెయిన్ ఫైల్లో 891 వరసలు. ఏజ్ 177 చోట్ల, క్యాబిన్ 687 చోట్ల, ఎంబార్క్‌డ్ (ఓడ ఎక్కిన రేవు) 2 చోట్ల ఖాళీ. టేబుల్ మొత్తం మీద డ్రాప్‌నా (ఖాళీ ఉన్న వరసలన్నీ తీసేసే ఆజ్ఞ) కొడితే మిగిలేవి 183. క్యాబిన్ నంబరు నమోదైనవాళ్లు ఎక్కువగా ఫస్ట్ క్లాస్ ప్రయాణికులు, కాబట్టి ఆ 183 మందీ ఓడ మొత్తానికి ప్రతినిధులు కారు. కోడ్‌లో ఎర్రర్ ఏమీ రాదు, గ్రాఫులు కూడా అందంగానే వస్తాయి, అందుకే ఎవరి కంటా పడదు. ఫారంలో ఇలా అడగండి: మొదట ఎన్ని వరసలు? మోడల్‌కి చేరేసరికి ఎన్ని? తేడా ఏ సెల్‌లో పోయింది? పోయినట్టు రచయిత ఒప్పుకుని రాశారా?

మూడోది లీకేజీ, అంటే మోడల్‌ని పరీక్షించడానికి పక్కన పెట్టిన టెస్ట్ డేటా సమాచారం, దానికి నేర్పే ట్రెయిన్ భాగంలోకి కారిపోవడం. ట్రెయిన్, టెస్ట్ విడగొట్టిన సెల్ నంబరు, ఖాళీ వయసులు నింపడానికి మీడియన్ తీసిన సెల్ నంబరు, స్కేలర్‌ని (అంకెల్ని ఒకే కొలతకి తెచ్చేది) ఫిట్ చేసిన సెల్ నంబరు. మూడు నంబర్లు రాయమనండి, చాలు. విడగొట్టడానికి ముందే మీడియనో స్కేలరో వస్తే తప్పు. "సార్, మార్చి చూశాను, అక్యూరసీ మారలేదు" అని వాదిస్తారు. నిజమే, టైటానిక్‌లో మొత్తం వయసుల మీడియన్ 28, ట్రెయిన్ భాగంలోది కూడా దాని చుట్టుపక్కలే ఉంటుంది కాబట్టి పెద్దగా తేడా రాదు. అదే పద్ధతి క్రెడిట్ కార్డ్ మోసాల డేటా మీద చేయించి చూపండి. అక్కడ 2,84,807 లావాదేవీల్లో మోసాలు 492. విడగొట్టకముందే స్మోట్ (తక్కువగా ఉన్న రకానికి కృత్రిమ వరసలు పుట్టించే పద్ధతి) వాడితే, టెస్ట్‌లోకి వెళ్లాల్సిన వరసలకీ ట్రెయిన్‌లోని వరసలకీ మధ్య పుట్టిన కృత్రిమ వరసలు రెండు వైపులా చేరిపోతాయి. రీకాల్ (అసలు మోసాల్లో ఎన్ని పట్టామన్న వాటా) ఆకాశానికి అంటుతుంది, అసలు డేటా మీద పెడితే కూలబడుతుంది.

నాలుగోది, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది: రచయిత దేనితో పోల్చారు? 891 మందిలో బతికినవాళ్లు 342. అందరూ పోయారని రాసేస్తేనే 61.6 శాతం ఒప్పు. ఆడవాళ్లంతా బతికారు, మగవాళ్లంతా పోయారు అని ఒక్క షరతు రాస్తే, 314 మంది ఆడవాళ్లలో 233, 577 మంది మగవాళ్లలో 468 సరిపోతాయి. అంటే 78.7 శాతం. ఇప్పుడు మూడు పేజీల ర్యాండమ్ ఫారెస్ట్ మోడల్ కట్టి "80 శాతం సాధించాను" అన్నవాళ్లు ఆ ఒక్క లైను కన్నా ఎంత ముందున్నారో లెక్క కట్టమనండి. మోసాల డేటాలో ఇది ఇంకా ఘోరం. ఏదీ మోసం కాదని రాసేస్తే 99.8 శాతం.

అక్యూరసీ ఎక్కువ వచ్చినవాళ్లకి ఎక్కువ మార్కులు మాత్రం వేయనివ్వకండి. సైకిట్ లెర్న్ అనే పైథాన్ లైబ్రరీలో ఏమీ చెప్పకుండా విడగొడితే టెస్ట్‌కి పావు వంతు వెళ్తుంది, అంటే 223 మంది. ఒక్క మనిషి అటూ ఇటూ అయితే 0.45 శాతం మారుతుంది. 80 శాతం దగ్గర, అంత చిన్న టెస్ట్‌కి 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ సుమారు 5 పాయింట్లు పైకీ, 5 పాయింట్లు కిందికీ ఉంటుంది. ఒకరికి 79, ఇంకొకరికి 82 వచ్చిందంటే అది ర్యాండమ్ స్టేట్ (డేటా ఎలా విడిపోవాలో నిర్ణయించే సంఖ్య) చలవ కావచ్చు.

అందుకే ఐదోది: ర్యాండమ్ స్టేట్ మార్చి మూడుసార్లు నడిపి, వచ్చిన మూడు అంకెలూ రాయాలి. రచయిత ముగింపు వాక్యం ఆ మూడింటితోనూ నిలబడుతుందా, అవునో కాదో చెప్పాలి.

చివర ఒక్క ఖాళీ పెట్టె: "ఒక్క మార్పే చేయించగలిగితే ఏది చేయిస్తారు? ఏ సెల్‌లో?" ఇంతకన్నా పొడవు పెంచొద్దు. ఈ ఫారం నిజాయతీగా నింపితే ఒక్కో నోట్‌బుక్‌కి 20 నుంచి 25 నిమిషాలు పడుతుంది, మూడు అంటే గంటంబావు. ఆరు హోంవర్కులకీ పెడితే నాలుగోదానికల్లా మళ్లీ గుడ్ వర్కులే వస్తాయి. సెమిస్టర్‌లో రెండు, మహా అయితే మూడు.

తీగలాగితే:

పై ఫారం బాగుంది కానీ మొదటి ప్రశ్నతో పేచీ ఉంది. నోట్‌బుక్ నడుస్తుందో లేదో చూడటం మనుషులతో చేయించే పని కాదు. ఒక్కొక్కరి ల్యాప్‌టాప్‌లో ఒక్కో వెర్షన్ పాండాస్ (పట్టికలతో పనిచేసే పైథాన్ లైబ్రరీ) ఉంటుంది. ముగ్గురు రివ్యూయర్లు మూడు జవాబులు రాస్తే ఎవరిది నమ్ముతారు? గడువు అయిన రాత్రే ఒక్క మెషిన్ మీద 64 నోట్‌బుక్‌లనీ ఎన్‌బీకన్వర్ట్‌లో (నోట్‌బుక్‌లని కమాండ్‌తో నడిపే సాధనం) ఎగ్జిక్యూట్ ఆప్షన్‌తో లూప్‌లో నడిపేయండి. సెల్‌కి 300 సెకన్ల టైమౌట్ పెట్టండి, లేకపోతే ఎవరో పెట్టిన పెద్ద గ్రిడ్ సెర్చ్ (రకరకాల సెట్టింగులన్నీ నడిపి చూసే పని) దగ్గర లూప్ తెల్లారేదాకా కూర్చుంటుంది. ఆగిపోయినవాటిని ఎర్రర్‌తో సహా రచయితకి తిప్పి పంపి 24 గంటలు ఇవ్వండి. లైబ్రరీ వెర్షన్లు హోంవర్కుతోపాటే రిక్వైర్‌మెంట్స్ ఫైలుగా ఇచ్చేయాలి. డేటా ఫైలు నోట్‌బుక్ పక్కనే "డేటా" అనే ఫోల్డర్‌లో ఉంటుందని ముందే చెప్పాలి. ఆగిపోయే వాటిలో ఎక్కువ భాగం పాత్ గొడవే.

ఇందులో ఇంకో లాభం ఉంది. రివ్యూయర్లకి వెళ్లే నోట్‌బుక్‌లో కనిపించే అంకెలు మీ మెషిన్ మీద వచ్చినవి. రచయిత మార్క్‌డౌన్‌లో (వివరణ రాసే సెల్‌లో) టైపు చేసిన అంకెలు మాత్రం అతనివే. రెండూ కలవకపోతే మొదటి ప్రశ్నకి అసలు జవాబు అక్కడుంది. "అక్యూరసీ 0.83 వచ్చింది" అని రాసి, పైన సెల్‌లో 0.79 కనిపిస్తే ర్యాండమ్ స్టేట్ పెట్టలేదన్నమాట, లేదా ఆ వాక్యం ఇంకో నోట్‌బుక్‌లోంచి వచ్చిందన్నమాట.

పేర్ల సంగతి. ఫైలు పేరులోంచి రోల్ నంబరు తీసేస్తే పేరు పోయినట్టు కాదు. మొదటి మార్క్‌డౌన్ సెల్‌లో పేరుంటుంది. సీఎస్‌వీ చదివే లైన్లో సీ డ్రైవ్, యూజర్స్, ఆ తర్వాత విండోస్ లాగిన్ పేరు ఉంటుంది. పాండాస్ పాత వెర్షన్లలో సెట్టింగ్ విత్ కాపీ వార్నింగ్ వస్తే, అవుట్‌పుట్‌లో తాత్కాలిక ఫైలు పాత్ ప్రింటవుతుంది, అందులోనూ అదే లాగిన్ పేరు. అన్నిటికన్నా పెద్దది కోల్యాబ్ (గూగుల్ ఆన్‌లైన్ నోట్‌బుక్). నోట్‌బుక్ అంటే జేసన్ ఫైలే కదా, నోట్‌ప్యాడ్‌లో తెరిచి "డిస్‌ప్లే నేమ్" (displayName) అని వెతకండి. ఒక్కో సెల్ మెటాడేటాలో ఎగ్జిక్యూషన్ ఇన్ఫో అని ఉండి, నడిపినవాళ్ల గూగుల్ ఖాతా పేరు అందులో కూర్చుని ఉంటుంది. ఒక్కడు కనిపెడితే చాలు, సాయంత్రానికి వాట్సాప్ గ్రూపంతా తెలుస్తుంది.

మందు తేలికే. పది లైన్ల పైథాన్: ఫైలుని జేసన్‌గా చదవాలి, ప్రతి సెల్‌లో మెటాడేటాని ఖాళీ డిక్షనరీ చేయాలి, అవుట్‌పుట్లు తుడవాలి, మొదటి సెల్ పేరు, రోల్ నంబరు ఉన్నదైతే తీసేయాలి, తర్వాత మీ మెషిన్ మీద నడపాలి. ఈ వరసలోనే చేయండి. ముందు నడిపి తర్వాత తుడిస్తే రివ్యూయర్ చూడాల్సిన అవుట్‌పుట్లు కూడా పోతాయి.

కాపీల కోసం కొందరు రోల్ నంబరు చివరి మూడంకెల్ని ర్యాండమ్ స్టేట్‌గా వాడమంటారు. కాపీ పట్టడానికి మంచి ఉపాయమే, కానీ ఇక్కడ పనికిరాదు. ఆ అంకె చూడగానే ఎవరిదో చెప్పేస్తారు. ఒక్కొక్కరికీ విడిగా ఒక రహస్య సంఖ్య ఇవ్వండి, పట్టిక టీఏ దగ్గరే ఉండాలి. మక్కీకి మక్కీ దించినవాళ్ల దగ్గర ఇంకొకరి సంఖ్య దొరుకుతుంది. సంఖ్య మార్చి వివరణ మాత్రం దించినవాళ్ల దగ్గర వాక్యంలో అంకె ఒకటి, అవుట్‌పుట్‌లో అంకె ఇంకొకటి.

పంపకం రోల్ నంబర్ల వరసలో వద్దు. జాబితాని షఫుల్ చేసి గుండ్రంగా అమర్చి, ప్రతి ఒక్కరికీ తన తర్వాత 1వ, 3వ, 7వ స్థానాల్లో ఉన్నవాళ్లవి ఇవ్వండి. అందరికీ సరిగ్గా మూడు వెళ్తాయి, మూడు వస్తాయి. 64 మందిలో "నాది నువ్వు, నీది నేను" అనే జత పడదు. రెండు అంతరాల మొత్తం గుంపు సంఖ్యకి సమానమైతేనే ఎదురుబొదురు పడతాయి: 10 మంది గుంపులో 3, 7 పెడితే పడుతుంది, 8 మందిలో 1, 7 పెడితే పడుతుంది. ఒకే అంతరం రెట్టింపు గుంపు సంఖ్య అయినా అంతే, 14 మందిలో 7 లాగా. చిన్న ఎలక్టివ్ బ్యాచ్‌లకి అంతరాలు మార్చుకోండి.

మూడోబెంచీ:

మార్కులు మాత్రం పిల్లల చేతుల్లో పెట్టకండి. ఇంటర్నల్స్ 10 మార్కుల్లో అర మార్కు తగ్గినా "నాకు తగ్గించింది ఎవరు?" అని హెచ్ఓడీ గదిదాకా వెళ్తుంది. మీరేమో ముసుగు తీయలేరు. పిల్లలు వేసే మార్కుకి విలువ సున్నా అని ముందే ప్రకటించండి. రివ్యూ చేసినందుకు మీరు మార్కులివ్వండి. ఎంత పొగిడారో, ఎంత తిట్టారో వదిలేయండి. సెల్ నంబరూ, నడిపి తెచ్చిన అంకే ఉన్నాయా లేదా అన్నదే కొలత.

64 మందీ మూడేసి అంటే 192 రివ్యూలు. నిమిషానికి ఒకటి చూసినా మూడు గంటల పైమాటే. ఒక్కొక్కరి మూడింటిలోంచి ఒక్కటి లాటరీ తీసి చూడండి, 64 నిమిషాల్లో అయిపోతుంది. ఏది చూస్తారో వాళ్లకి తెలియదు కాబట్టి మూడూ జాగ్రత్తగానే రాస్తారు.

ల్యాబ్‌రికార్డు:

చాలా ఉపయోగం. రెండు సందేహాలు మిగిలాయి. పిల్లల మార్కులకి విలువ లేకపోతే, 64 నోట్‌బుక్‌లూ టీఏయే దిద్దాలి కదా, మరి మిగిలిందేమిటి? రెండోది, ఇదంతా మూడుల్ వర్క్‌షాప్‌లో ఇముడుతుందా, గూగుల్ ఫారాల్లోకి మారిపోవాలా?

శేషంసున్నా:

మొదటిదానికి: వరసలు ఎన్ని, స్కేలర్ ఏ సెల్‌లో, బేస్‌లైన్ (పోల్చడానికి పెట్టుకునే తేలిక లెక్క) ఉందా. ఇవి అభిప్రాయాలు కావు. ముగ్గురూ ఒకే జవాబు రాస్తే టీఏ దాన్ని తీసుకుని మార్కు వేసేయొచ్చు. జవాబులు విడిపోయిన చోటే నోట్‌బుక్ తెరవాలి. వాటితోపాటు, ముగ్గురూ ఏకగ్రీవంగా "తప్పేమీ లేదు" అన్నవాటిలోంచి ఓ ఆరేడు తీసి చూడాలి. ఏకగ్రీవం ఒక్కోసారి బద్ధకం కూడా. వివరణ భాగం మాత్రం టీఏయే చదవాలి, అది ఇంకొకరికి అప్పజెప్పే పని కాదు.

వర్క్‌షాప్‌వాసి:

మూడుల్‌లోనే అవుతుంది, సెట్టింగులు సరిచూసుకుంటే చాలు.

గ్రేడింగ్ స్ట్రాటజీలో రూబ్రిక్ ఎంచుకోకండి. అందులో ఒక్కో అంశానికి విడిగా వ్యాఖ్య రాసే పెట్టె ఉండదు, సెల్ నంబర్లు రాయడానికి చోటే దొరకదు. అక్యుములేటివ్ ఎంచుకుంటే ప్రతి అంశానికీ గ్రేడూ, వ్యాఖ్యా రెండూ వస్తాయి. అంశానికి గరిష్ఠం 2 పెట్టండి. ఓవరాల్ ఫీడ్‌బ్యాక్‌ని తప్పనిసరి చేస్తే "ఒక్క మార్పు" ప్రశ్న అక్కడికి వెళ్తుంది.

మామూలుగా వర్క్‌షాప్ సబ్మిషన్‌కి 80, అసెస్‌మెంట్‌కి 20 పెట్టి ఉంచుతుంది. ఆ 20ని అది లెక్కగట్టే తీరు తెలుసుకోవాలి. ఒక నోట్‌బుక్‌కి వచ్చిన రివ్యూల్లో సగటుకి దగ్గరగా ఉన్నదాన్ని ఉత్తమమైనదిగా తీసుకుని, మిగిలినవి దానికి ఎంత దూరంగా ఉంటే అంత కోస్తుంది. ముగ్గురూ కూడబలుక్కుని 10 వేస్తే ముగ్గురికీ 20కి 20. లీకేజీ పట్టుకుని 6 వేసిన ఒక్కడికి కోత. అంటే మీరు వద్దంటున్న పనికే యంత్రం బహుమతి ఇస్తోంది! అందుకే మూడోబెంచీ చెప్పినట్టు ఆ మార్కు చేత్తో వేసుకోండి. యంత్రానికే వదిలేయాలనుకుంటే, కనీసం కొన్ని నోట్‌బుక్‌లకి మీరే రివ్యూ రాసి, మీ అసెస్‌మెంట్ వెయిట్ బాగా పెంచండి. అప్పుడు సగటు మీ వైపు జరుగుతుంది.

పేర్లకి: ఆ వర్క్‌షాప్ పర్మిషన్లలో స్టూడెంట్ పాత్రకి రచయితల పేర్లు చూసే హక్కూ, రివ్యూయర్ల పేర్లు చూసే హక్కూ రెండూ తీసేయండి. అయితే ఫైలు లోపలి పేర్లని మూడుల్ తుడవదు. శుభ్రం చేసిన ఫైళ్లు మళ్లీ మీరే ఎక్కించడం తేలిక కాదు. 64 మందికి అది విసుగు పని. మధ్యేమార్గం: తుడిచే స్క్రిప్టు పిల్లలకే ఇచ్చి, అది నడిపిన ఫైలే తీసుకుంటామని చెప్పండి. టీఏ "డిస్‌ప్లే నేమ్" అని ఒక్కసారి అన్ని ఫైళ్లలోనూ వెతికితే ఎగ్గొట్టినవాళ్లు దొరుకుతారు.

గ్రేడ్లు గ్రేడ్‌బుక్‌కి చేరాలంటే గ్రేడింగ్ ఎవాల్యుయేషన్ దశలో రీకాల్క్యులేట్ నొక్కి, ఆపైన క్లోజ్డ్ దశకి మార్చాలి. ఇది మర్చిపోయి "మార్కులు కనపడట్లేదు" అని గగ్గోలు పెట్టడం ప్రతి చోటా ఉన్నదే.

శేషంసున్నా:

ఇంకొకటి చెప్పడం మరిచాను. మొదటి రివ్యూకి ముందు అందరికీ ఒకే నోట్‌బుక్ ఇవ్వండి, మీరే తయారుచేసి, తప్పులు కావాలని నాటినది. నాలుగు తప్పులు చాలు: మొత్తం డేటా మీద డ్రాప్‌నా, విడగొట్టకముందే స్కేలర్, బేస్‌లైన్ లేకపోవడం, గ్రాఫు ఒకటి చెబుతుంటే కింద వాక్యం ఇంకోటి చెప్పడం. కోడ్ శుభ్రంగా, రంగురంగుల గ్రాఫులతో ఉండాలి, లేకపోతే అనుమానం వచ్చేస్తుంది. రెండు కన్నా తక్కువ పట్టినవాళ్లకి టీఏ అరగంట కూర్చోబెట్టి చూపించాలి. మూడుల్‌లో ఎగ్జాంపుల్ సబ్మిషన్ అని దీనికోసమే ఉంది.

తీగలాగితే:

వ్యాఖ్యలు తెలుగులో రాయొచ్చని ఫారం పైనే రాసేయండి. గుడ్ వర్క్ అనే మాట సగం సార్లు మొహమాటం వల్ల వస్తుంది, సగం సార్లు ఇంగ్లిషులో నాలుగు వాక్యాలు కూర్చలేక వస్తుంది. "ఏడో సెల్‌లో మీడియన్ తీశాక తొమ్మిదో సెల్‌లో స్ప్లిట్ చేశావు, తిప్పెయ్" అని రాయడానికి ఏ భాషైనా పర్లేదు.

చాట్‌జీపీటీతో రాయించిన రివ్యూ గురించి అడగలేదు కానీ అదీ వస్తుంది. "విశ్లేషణ సమగ్రంగా ఉంది, విజువలైజేషన్లు మెరుగుపరచవచ్చు" అని ఎవరి నోట్‌బుక్‌కైనా సరిపోయే మాటలు. వాటిని పట్టుకోవడానికి డిటెక్టర్లు నమ్ముకోకండి. మూడు ర్యాండమ్ స్టేట్‌లతో వచ్చిన మూడు అంకెలు ఎలాగూ అడుగుతున్నారు కదా, టీఏ అవే మూడు సంఖ్యలు పెట్టి నడిపితే అవే రావాలి. రాకపోతే ఆ రివ్యూకి సున్నా. అందుకని ఏ మూడు సంఖ్యలు వాడారో కూడా రాయించండి, లేకపోతే సరిచూడటం కుదరదు.

ల్యాబ్‌రికార్డు:

బాగుంది. గడువులు ఇలా అనుకుంటున్నాను: సోమవారం రాత్రి 9కి హోంవర్కు, ఆ రాత్రే లూప్, మంగళవారం రాత్రి 9కి తిప్పి పంపినవాటి గడువు, బుధవారం పొద్దున పంపకం, శనివారం రాత్రికి రివ్యూలు. ఆలస్యంగా ఇచ్చినవాళ్లని ఏం చేయాలి?

వర్క్‌షాప్‌వాసి:

పంపకం అయ్యాక వచ్చినదాన్ని గొలుసులో దూర్చకండి, అందరి లెక్కా చెడుతుంది. ఆ నోట్‌బుక్ టీఏ దిద్దుతారు, రివ్యూలు రావు. కానీ రివ్యూ చేసే పని మాత్రం తప్పించొద్దు. ఎవరైనా రివ్యూలు ఎగ్గొడితే మూడు నోట్‌బుక్‌లకి ఒక్కో రివ్యూ తగ్గుతుంది, ఆ ఖాళీలు ఈ ఆలస్యంగా ఇచ్చినవాళ్లకి ఇవ్వండి. మూడుల్ ర్యాండమ్ అలొకేషన్‌లో ఏమీ సమర్పించనివాళ్లు కూడా అసెస్ చేయొచ్చనే ఆప్షన్ ఉంది, లేదా మాన్యువల్ అలొకేషన్‌లో పేరు ఎంచుకుని కలపొచ్చు. శుక్రవారం సాయంత్రం ఒకసారి చూసి అప్పటికి ఒక్కటీ మొదలుపెట్టనివాళ్ల జాబితా తీస్తే శనివారం చేతిలో ఉంటుంది. మిడ్స్ ఉన్న వారంలో మాత్రం ఈ చక్రం తిప్పకండి.